సముద్రానికి కట్టిన కొబ్బరాకు

ఓడ ముందే వస్తోందన్న కబురు యోసినాకు లవంగాల చాప దగ్గర తెలిసింది. పొద్దుటి వాన తెరిపిచ్చింది కదా అని తల్లి ఫ్రాన్సినా చాపలన్నీ వాకిట్లో పరిపించింది. కూతురు అంబోన్ పట్నంలో సముద్ర పరిశోధన సంస్థలో ఎంత పెద్ద ఉద్యోగం చేసినా, సెలవు మీద ఊరికొచ్చిందంటే ఆవిడ లెక్కలో ఇంకో రెండు చేతులు వచ్చినట్టే. యోసినా తొడిమలు గిల్లుతూ, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని, "నవంబరు కదా పాక్, నవంబరన్నారు కదా" అని అన్నమాటే అంటోంది.

అవతల ఉన్నది హర్జితో. ఓడ మీద పరికరాల పని చూసే జావా మనిషి, నెమ్మదస్తుడు. అయ్యా అన్నట్టు ఆమె ఆయన్ని పాక్ అంటుంది, అమ్మా అన్నట్టు ఆయన ఆమెను బూ అంటాడు.

"ఓడ మన చేతిలో ఉందా బూ? మనమే దాని చేతిలో ఉన్నాం. నవంబరులో దానికి వేరే పని పడింది. ఈ శుక్రవారం మీ ఊరి ముందు ఒక పూట ఆగుతుంది. మీ పరికరం పైకి తీసుకున్నామా సరే, లేదంటే మళ్ళీ వచ్చే ఏడాది మాట."

"వచ్చే ఏడాదికి అడుగున బ్యాటరీ బతికుండదు పాక్."

"తెలిసే ఫోను చేశా. సంతోషించండి. ముందే వస్తున్నాం."

సంతోషించాల్సిన మాటే. ఓడ ఆలస్యమైతే ఏడ్చిన రోజులున్నాయి గాని, ముందు వస్తే ఏడ్చిన రోజు యోసినా ఉద్యోగంలో ఇంతవరకు లేదు. ఫోను పెట్టేసి చాప వంక చూస్తూ ఉండిపోయింది. చేతిలో తొడిమలు లవంగాల్లోనూ, లవంగాలు తొడిమల్లోనూ పడుతున్నాయి.

"ఏమైందే?" అంది తల్లి.

"ఓడ శుక్రవారం వస్తోందమ్మా."

"సాసి తెరిచేది నవంబరులో కదా," అంది ఫ్రాన్సినా. సాసి తెరిచే దాకా ఊరి నీళ్ళలోంచి ఎవరూ ఏదీ పైకి తీయకూడదు.

రెండేళ్ళ కిందట, ఇంతకు ముందు వేసిన పరికరం పోయినప్పుడే యోసినాకు సాసిని వాడుకునే ఆలోచన వచ్చింది. సముద్రం మధ్య పసుపుపచ్చని బోయా కనిపిస్తే చాలు, దాని నీడన చేపలు చేరతాయి. చేపలు చేరితే పడవలు చేరతాయి. పడవలు చేరితే ఎవడో ఒకడు తాడు కడతాడు, ఇంకొకడు లాగుతాడు, మూడోవాడు కోస్తాడు. ఆ పరికరంలో మిగిలిందల్లా, దాన్ని తేల్చే ఒక గాజు బంతి పైన ఉండే పసుపు ప్లాస్టిక్ టోపీ. పక్క దీవిలో ఒకావిడ వాకిట్లో కోళ్ళు అందులో నూకలు తింటూ కనిపించాయి. "ఇది నాదమ్మా" అంటే, "సముద్రం నాకిచ్చింది" అంది ఆవిడ, టోపీని కాలితో కాస్త తన వైపు జరుపుకుంటూ.

అందుకని రెండోదాన్ని యోసినా తన సొంత ఊరి నీళ్ళలో వేసింది. నల్లరాతి నుంచి ముక్కుకొండ దాకా గీత గీస్తే ఆ లోపలిదంతా ఊరి సముద్రమే. తీరం దగ్గర లోలా గుల్లలు దొరికే రాతినేల, అది దాటాక ఒక్కసారిగా పాతాళం. ఆ ఏడు లోలాకు సాసి కట్టబోతున్నారు. గుల్లలు పెరిగే దాకా ఎవరూ ముట్టుకోకుండా చర్చిలో ప్రార్థన చేసి నీళ్ళ మధ్య కర్రకు లేత కొబ్బరాకు కడితే, ఇక ఆ హద్దులో ఎంత ఆకలిగొన్నవాడైనా చెయ్యి పెట్టడు. ఏ పోలీసు పడవా చెయ్యలేని పని ఆ ఆకు చేస్తుంది. అదే ఆకు తన బోయాకు కూడా కట్టిస్తే?

ఊరంతా చర్చి పక్క పాకలో కూర్చున్నారు ఆ రోజు. యోసినా ఎదురుగా తెల్లబట్ట వేలాడగట్టి, దాని మీద బొమ్మలు గీసి, సముద్రం పాఠం చెప్పింది. పసిఫిక్ నీళ్ళు మన దీవుల సందుల్లోంచి దూరి అటు హిందూ మహాసముద్రంలోకి పోతాయనీ, అవి ఎంత వెచ్చగా, ఎంత ఉప్పగా, ఎంత వేగంగా పోతున్నాయో తెలిస్తేనే వానల సంగతీ చేపల సంగతీ తెలుస్తుందనీ చెప్పింది. కింద వెలుతురు లేదు, రేడియో మాట అందదు, శబ్దం ఒక్కటే దిగుతుంది. మనిషి దిగితే ఏమవుతాడో చూపించడానికి ఒక థర్మాకోల్ కప్పు తీసింది. మామూలు కాఫీ కప్పే. లోతుకు పంపి తీస్తే నీళ్ళ బరువుకు కుదించుకుపోయి వేలికి తొడుక్కునేంత అయింది. అది చేతులు మారుతూ పాకంతా తిరిగింది.

"అంటే సముద్రానికి జ్వరం చూస్తావన్నమాట," అన్నాడు మెల్కి. యోసినా తండ్రికి తమ్ముడు. సాసి కాపలాకు పెద్ద.

"అంతే బాబాయ్."

"రెండేళ్ళు నోట్లో థర్మామీటరు పెట్టి ఉంచితే ఎవడికైనా జ్వరం రాదూ?"

పాకంతా నవ్వింది. కింద లంగరుగా రైలు చక్రాలు కడతారంటే ఇంకా నవ్వారు. ఆ దీవుల్లో పట్టాలే లేవు. "నా జన్మలో చూడబోయే రైలు ఇదొక్కటే, అదీ మునుగుతూ," అన్నాడు మెల్కి. ఆ చక్రాల పైన ఒక కొక్కెం, ఓడ నుంచి ఫలానా శబ్దం పంపితే కొక్కెం విడిపోతుంది, గాజు బంతులు పరికరాలన్నిటినీ పైకి ఈడ్చుకొస్తాయి, లెక్కలన్నీ వాటి పొట్టలోనే ఉంటాయి, చేతికొస్తే తప్ప ఒక్క అంకె కూడా తెలియదు. అంతా చెప్పింది.

పాస్టరమ్మ ప్రార్థనకు మాటలు రాసుకుంటూ, "ఈ హద్దులోంచి గుల్లలు ఎవరూ తీయరాదు" అంది. గుల్లలు అంటే గుల్లలే అవుతాయి, తన పరికరాన్ని మళ్ళీ ఎవరైనా కోసేస్తారని యోసినాకు భయం. పక్కనే కూర్చుని ఆ మాట కొట్టించింది. "ఏ చెయ్యీ ఏదీ పైకి తీయరాదు" అని రాయించింది.

"ఎప్పటి దాకా?" అని అడిగాడు మెల్కి. గడువు లేకుండా సాసి కట్టకూడదు.

"లోలా తెరిచే దాకా," అంది యోసినా, ఆయన మాట పూర్తి కాకముందే. అప్పటికి ఓడ కూడా నవంబరే.

ఆ తర్వాత రెండేళ్ళలో ఆ బోయాకు ఒక్క పడవ తాడు కట్టలేదు. సంస్థలో అందరూ మెచ్చుకున్నారు. తన ఊరి తెలివిని తనే కనిపెట్టినట్టు యోసినా కూడా కొంచెం మురిసింది.

ఇప్పుడు చేతిలో పంచదార పొట్లంతో బాబాయి ఇంటి అరుగెక్కింది. మెల్కి వేయించిన బ్రెడ్‌ఫ్రూట్ ముక్కలు కాఫీలో ముంచుకుని తింటున్నాడు.

"ఓడ శుక్రవారం వస్తోంది బాబాయ్."

"రానీ. సముద్రంలో చోటుంది."

"నా పరికరం కోసం."

"అదీ తెలిసింది. ఊరికే వచ్చేదానివైతే పంచదార తెచ్చేదానివా?" ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు. "నవంబరు నోనా." నోనా అంటే అమ్మాయీ అని, ఊళ్ళో పెద్దల పిలుపు.

"అది లోలా కాదు బాబాయ్. పెరిగేది కాదు, పిల్లల్ని పెట్టేది కాదు. ఇనుము. నేను వేశా, నేనే తీసుకుంటా. ఇందులో ఎవరి నోరు కొట్టినట్టు?"

"పెరట్లో కొబ్బరిచెట్టు నేనే వేశా. దానికి సాసి కట్టాక కాయ నా నెత్తి మీద రాలినా నేను తీసుకోను. అక్కడే మొలకెత్తుతుంది."

"పాస్టరమ్మ ఒప్పుకుంటే? నా ఒక్కదానికే తెరవమని ఇంకో ప్రార్థన..."

"దేవుడికి చెప్పినప్పుడు 'ఏదీ' అన్నాం. ఇప్పుడు పోయి, 'ప్రభువా, ఏదీ అంటే నోనా సామాను తప్ప అని అర్థం' అంటామా? నీకు తెరిస్తే అందరికీ తెరవాలి. గుల్లలింకా నా బొటనవేలంత కూడా లేవు. నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు."

చదువుకున్నది చెప్పడానికి నోరు తెరిచింది. ఈలోగా పక్కింటి బత్సేబా గిన్నెతో వచ్చింది, చింతనిప్పుల్లాంటి మిరపకాయలతో నూరిన పచ్చడి తెచ్చి. యోసినా కంటే కొంచెం పెద్దది, అందుకని ఊరందరిలాగే యోసినా కూడా ఉసి, అంటే అక్కా, అని పిలుస్తుంది. ఈస్టరప్పుడు, కూతురు పురుడు పోసుకుని పాలు పడక ఏడుస్తుంటే, ఆ హద్దులో రాళ్ళ సందున ఒక్క ఆక్టోపస్ పట్టింది బత్సేబా. కూరకు, ఒక పూటకు. అది గుల్ల కాదు గాని, యోసినా రాయించిన 'ఏదీ'లోకి అదీ వచ్చింది. మెల్కి ఆమెను చర్చి మెట్ల మీద ఊరందరి ముందు నిలబెట్టాడు. బత్సేబా తల వంచుకుని తప్పు ఒప్పుకుంది. ఆమె మెల్కికి దగ్గరి చుట్టమే, అయినా విడిచిపెట్టలేదు.

"ఓడ సంగతి విన్నాలే," అంది బత్సేబా, గిన్నె దించుతూ. ఆమె గొంతులో ఎక్కడా కోపం లేదు. ఉంటే యోసినాకు తేలికయ్యేది. "నేనేం అడ్డు చెప్పను నోనా. తీసుకుపో. ఆ ఆదివారం మెట్ల మీద ఒక్కదాన్నే నిలబడ్డానా, కాళ్ళు లాగేశాయి. ఈసారి నువ్వు నిలబడతావుగా, తోడుగా నేనూ వస్తాలే."

నవ్వుతూనే అంది. మెల్కి మాత్రం నవ్వలేదు.

"కంచే చేను మేస్తే ఇంక కావలి ఎందుకమ్మా," అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. కాఫీ పక్కన పెట్టి, "నేను ఆపను నోనా. ఇనుప ఓడకి అడ్డంపడేవాణ్ణా నేను? గవర్నమెంటు ఓడ, గవర్నమెంటు సామాను. నీకు ఎలా తోస్తే అలా చెయ్యి," అన్నాడు.

రాత్రి భోజనంలో ఫ్రాన్సినా వేడి సాగో గంజిని రెండు పుల్లలతో చుట్టి చుట్టి కూతురి పళ్ళెంలో జార్చింది. పసుపు చేపల పులుసు పోసింది. గాజు బీరువాలో పింగాణీ కప్పుల మధ్య ఆ కుదించుకుపోయిన బుల్లి కప్పు కూడా ఉంది, ఎవరొచ్చినా చూపించడానికి.

"మీ నాన్న పోయిన రోజున ఊళ్ళో పలకలు లేవు," అంది ఆవిడ. "మెల్కి సగం కట్టిన పడవ విప్పి శవపెట్టె చేయించాడు. ఆ మనిషిని నలుగురిలో తల దించుకునేట్టు చెయ్యకు. ఆ పైన నీ ఇష్టం."

తల్లులు నీ ఇష్టం అన్నాక ఇష్టమనేది ఎక్కడ మిగులుతుంది! యోసినా గంజి మింగింది. అది నమలకుండా మింగే తిండి. ఆ పూట అదే మేలైంది.

శుక్రవారం ఓడ చెప్పిన వేళకే వచ్చింది. తూర్పుగాలి ఇంకా తగ్గలేదు, నీళ్ళు బూడిదరంగులో ఎగిరెగిరి పడుతున్నాయి. ఓడ దగ్గరికి తీసుకెళ్ళడానికి పడవ ఎవరిని అడగాలా అనుకుంటూ యోసినా రేవుకొస్తే, మెల్కి అప్పటికే తన పడవలో నీళ్ళు తోడిపోస్తున్నాడు. "ఎక్కు" అన్నాడు. బోయా దాటుతున్నప్పుడు దాని కర్రకు కొత్త ఆకు కనిపించింది. పాతది ఎండిపోయినప్పుడల్లా ఆయనే వచ్చి మారుస్తూ ఉంటాడు.

ఓడ మీద అంతా పెళ్ళివారి హడావుడిలా ఉంది. క్రేను సిద్ధం, తాళ్ళు సిద్ధం. హర్జితో కాఫీ ఇచ్చి, "బూ, మీ దీవి గాలి మా మీద పగబట్టింది. కెప్టెను మధ్యాహ్నం దాకానే అంటున్నాడు," అన్నాడు.

"ముందు ఉందో లేదో అడుగుదాం," అంది యోసినా.

శబ్దం పంపే యంత్రాన్ని తీగతో నీళ్ళలోకి దించారు. మీట నొక్కితే టుంగుమని శబ్దం కిందికి పోయింది. అందరూ మాటలాపారు. కొండల్లో దూరాన ఎవరో పలికినట్టు, కాసేపటికి జవాబొచ్చింది. ఉన్నాను. నిటారుగా ఉన్నాను. ఇంత దూరంలో ఉన్నాను. రెండేళ్ళుగా చీకట్లో, ఒక్కతే, ఎముకలు నుజ్జయ్యే బరువు కింద నిలబడి, పిలిస్తే పలికింది.

"బంగారం," అన్నాడు హర్జితో. "ఇక విడిచెయ్యమందామా?"

అప్పుడు చెప్పింది ఆయనకు సాసి సంగతి. ఆయన వెటకారం చేయలేదు. ఆయన ఊళ్ళోనూ మొక్కులున్నాయి. కానీ, "మన దగ్గర అనుమతి ఉంది కదా బూ," అన్నాడు.

"ఉంది."

"వీళ్ళొచ్చి ఆపుతారా?"

"ఆపరు."

"మరి?"

మరి ఏమిటో ఆమెకూ తెలియదు. హద్దు దాటి తీసినవాళ్ళకు కడుపు ఉబ్బుతుందని చిన్నప్పుడు విన్న మాట, ఇంత చదివాక కూడా, పొత్తికడుపులో చల్లగా మెదిలింది, దానికి సిగ్గుపడింది. ఇవాళ తను తీస్తే రేపు ఆ ఆకుకు ఏ బోయా మీదా విలువుండదని ఇంకో మాట చెప్పుకుంది. అది సిగ్గుపడక్కర్లేని మాట, కానీ ఆమెను ఆపుతున్నది అదీ కాదు. మళ్ళీ వచ్చే ఏడాదికి ఓడ వస్తుందో రాదో తెలియదు, వచ్చినా కింద ప్రాణముండదు. ఒక్క మీట. ఇప్పుడు నొక్కితే కాఫీ చల్లారే లోపల గాజు బంతులు పైకి తేలతాయి.

కమ్మీ దగ్గరికొచ్చి కిందికి చూసింది. అలల మీద మెల్కి పడవ ఊగిపోతోంది. ఆయన తెడ్డుతో పడవను తిప్పుకుని, ఓడకూ బోయాకూ వీపు పెట్టి, ఊరివైపు మొహం చేసి కూర్చున్నాడు. వాన చినుకులు పడుతుంటే టోపీని కళ్ళ మీదికి లాక్కున్నాడు. తను చూడనిదానికి తను సాక్షి కాడు. చెయ్యగలిగినంత సాయం చేస్తున్నాడు.

యోసినా వెనక్కి వచ్చి మీట దగ్గర కూర్చుంది. విడిచిపెట్టే మీట కాదు, అడిగే మీట. నొక్కింది. ఉన్నాను, అంది అది. ఇంకోసారి నొక్కింది. ఉన్నాను. హర్జితో ఆమె వంకా గడియారం వంకా చూస్తూ నిలబడ్డాడు. అవతలి మీట ఆమె చేతికి జానెడు దూరంలో ఉంది. చెయ్యి అటు పోలేదు, వద్దనీ అనలేదు. ఎవరైనా వచ్చి, ఏదో ఒకటి తేల్చి, తనను పక్కకు నెడితే బాగుండునని మాత్రం ఉంది. ఎవరూ రాలేదు. ఉన్నావా? ఉన్నాను. ఉన్నావా? ఉన్నాను. అలా అడుగుతూ ఉండగానే పైనుంచి కెప్టెను హారను మోగించాడు. తేల్చింది యోసినా కాదు, ఆ హారనే.

"రెండేళ్ళు, బూ," అన్నాడు హర్జితో, తీగ పైకి చుట్టిస్తూ.

"తెలుసు పాక్."

యోసినా నిచ్చెన దిగి పడవలో కూర్చుంది. మెల్కి బోయా వంక తిరిగి, అది ఇంకా అక్కడే ఉండటం చూసి, టోపీ వెనక్కి నెట్టుకుని తెడ్డు వేశాడు.

నవంబరులో, రెండు గాలుల మధ్య సముద్రం గిన్నెలో నూనెలా పడుకున్నప్పుడు, శంఖం ఊది, చర్చి గంట కొట్టి సాసి తెరిచారు. ఊరంతా నీళ్ళలోనే ఉంది. గుల్లలు అరచెయ్యంత అయ్యాయి. బత్సేబా మునిగి లేచినప్పుడల్లా గుప్పెడు గుల్లలు పడవలో పోసి, ఒడ్డునున్న కూతురికి వినపడేలా కేక పెడుతోంది.

మెల్కి గుల్లల జోలికి పోకుండా ముందు యోసినాను బోయా దగ్గరికి తీసుకెళ్ళాడు. యోసినా యూనివర్సిటీ నుంచి ఒక పాత పెట్టె అరువు తెచ్చింది. ఓడలో ఉన్నదానికి తాతలాంటిది. తీగ దించి మీట నొక్కింది. టుంగుమంది. ఎదురు చూసింది. పడవను నాలుగు దిక్కులా తిప్పించి నొక్కింది. ఎండ నడినెత్తికొచ్చే దాకా పిలిచింది. బ్యాటరీ చచ్చిపోయిందో, ఈ పాత పెట్టె గొంతు అంతలోతుకు అందలేదో, విని కూడా జవాబు చెప్పలేకపోతోందో, పైనున్నవాళ్ళకు తెలిసే దారి లేదు. రైలు చక్రాలు మాత్రం దాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. బోయా కదలకుండా ఉంది కదా, అదే గుర్తు.

"పలకట్లేదా?" అన్నాడు మెల్కి.

"లేదు బాబాయ్."

ఆయన వంగి కర్రకున్న ఆకు ముడి విప్పాడు. "ఇప్పుడు నీదే. తీసుకో నోనా," అన్నాడు. ఆ మాట అన్నాక ఆయనకే ఏదోలా అయినట్టుంది. బోయా కింది గొలుసును రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. పడవ ఒరిగింది తప్ప గొలుసు కదల్లేదు. "ఊళ్ళో మగాళ్ళందర్నీ పిలుస్తా. అందరం లాగితే?"

"మన కొండ ఉందా, దాని మీద ఇంకో కొండ, దాని మీద ఇంకోటి పెట్టు. అంత లోతు."

మెల్కి గొలుసు వదిలేశాడు. అరచేతుల్లో తుప్పు మరక పడింది. తుడుచుకోకుండా వాటినే చూస్తూ, "నాది తప్పంటావా?" అని అడిగాడు.

యోసినా తల అడ్డంగా ఊపింది. ఆయనది కాదు. బత్సేబాది కాదు. ఓడది కూడా కాదు, ఓడలు ఎప్పుడూ అంతే. ఎవరిదని తేలితే కాస్త తిట్టుకునైనా ఉండేది.

పడవ అడుగున లేత కొబ్బరాకు కట్ట ఉంది. తెరిచిన సాసిని సాయంత్రం మూసేసి మళ్ళీ కట్టడానికి ఆయన కోసుకొచ్చినవి. యోసినా వాటి వంక చూసింది.

"మళ్ళీ కట్టు బాబాయ్," అంది.

"దేనికి?"

"ఎవరూ కొయ్యకుండా."

మెల్కి ఒక ఆకు తీసి, చీల్చి, కర్ర చుట్టూ ఒక చుట్టు తిప్పాడు. ముడి వెయ్యబోతూ ఆగాడు.

"ఆదివారం ప్రార్థనలో చెప్పాలి. ఎప్పటి దాకా?"

యోసినా నీళ్ళలోకి చూసింది. గొలుసు రెండు మూడు బారల మేర స్పష్టంగా కనిపిస్తోంది, తర్వాత నీలం, ఆ తర్వాత ఏమీ లేదు. ఒడ్డు దగ్గర గుల్లలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడూ, ఆడవాళ్ళ నవ్వులూ నీటి మీదుగా వస్తున్నాయి.

"చెప్పు నోనా," అన్నాడు మెల్కి, ఆకు కొసలు రెండూ చేతుల్లో పట్టుకుని.